నాలుగు మూలల పసుపు

"సుగుణా, మీ సార్ పేరు మీద సర్కారు ఉత్తరం ఒకటి వచ్చింది. ఆయన పోయి రెండేండ్లాయె, గీ ఉత్తరాలు మాత్రం బందైతలేవు. జర వచ్చి చూసుకపో," అని అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా సీనియర్ వకీలు గారి భార్య. నల్గొండలో వాళ్ళింటి ముందుగదిలోనే నేను వకాలత్ నేర్చుకున్నాను. నేను వెళ్ళేసరికి ఆ ఉత్తరం టీవీ పక్కన, కరెంటు బిల్లు కింద పడి ఉంది. పాత భవనం నుంచి కొత్త భవనంలోకి మారుతున్న ఒక జిల్లా కార్యాలయం వాళ్ళు స్టోరు గది ఖాళీ చేస్తున్నారట. టెండర్లలో తిరస్కరించిన నమూనాలను సంబంధించినవారు పదిహేను రోజుల్లో తీసుకుపోవాలట, లేనిచో పారవేయబడునట. కింద ఒక జాబితా. ఇనుప కుర్చీ ఒకటి, ప్లాస్టిక్ బకెట్లు రెండు, అలా దిగుతూ పోతే ఏడో వరుసలో ఉన్ని కంబళి ఒకటి. అది చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క కంబళి సంగతి తేల్చండి బాబూ అని ఆ కార్యాలయం మెట్లు చెప్పులరిగేలా ఎక్కి దిగాను. అప్పుడెవరికీ తొందర లేదు. ఇప్పుడు నాకు పదిహేను రోజుల గడువు పెడతారా! "ఏమైందే, ముఖం గట్ల పెట్టినవ్?" అంది అక్క. కొమురమ్మ కంబళి అక్కా, అన్నాను. అక్క చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి ఉత్తరం తన వైపు లాక్కుంది.

అందరికీ చిన్నతనం ఒకటే ఉంటుంది. నాకు రెండు. రెండోది నలభై రెండో ఏట మొదలైంది. అంతకుముందు చాలా ఏళ్ళు ఇంజనీరింగు సబ్‌డివిజన్ ఆఫీసులో టైపిస్టుగా ఉన్నాను. పర్మినెంటు చేస్తామంటూనే ఏళ్ళు గడిపారు. నేను టైపు చేసినవన్నీ టెండరు నోటీసులే. షరతు ఒకటి, షరతు రెండు, ఇరవై ఏడు (ఇ). అర్థం తెలియకుండానే అన్నీ నోటికి వచ్చేశాయి. ఆఫీసులో నేర్చుకున్న నీతి ఒక్కటే: ఏ సంగతైనా కాగితం మీద పెట్టు, రేపు నీ మీదికి రాకుండా ఉంటుంది. సాయంత్రం కాలేజీలో లా చదివి, నల్లకోటు తొడుక్కునే నాటికి కొత్త రాష్ట్రం వచ్చింది. ఆ రోజుల్లో మా అందరికీ ఏదో తెలియని ధీమా ఉండేది. మన ఆఫీసులు, మన మాట, మన మనుషులు, ఇక ఎవడు ఆపుతాడు అనుకున్నాం. పొద్దున్నే నార్కట్‌పల్లిలో బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికితే అదే పెద్ద గెలుపనుకుంటూ నల్గొండ వచ్చి సార్ ఇంటి ముందుగదిలో కూర్చునేదాన్ని. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు కోర్టులో నన్ను చూసి లేచి నిలబడేవారు, జడ్జి గారి బంధువునేమో అనుకుని.

సార్ పట్టిందల్లా ప్రభుత్వ కాంట్రాక్టుల కేసులే. రోడ్లు వేసేవాళ్ళు, హాస్టళ్ళకు బియ్యం పప్పు తోలేవాళ్ళు, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళు, ఎవరి టెండరు ఎక్కడ ఆగినా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన టెండరు కాగితాలను చివరి పేజీ నుంచి మొదటికి చదివేవాడు. "మెలిక ఎప్పుడూ తోకల ఉంటదమ్మా, తలకాయల ఉండదు," అనేవాడు. ఫైలు ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు, టీ మాత్రం సాసర్‌లో పోసుకుని అదే ఫైలు మీద పెట్టుకునేవాడు. ఆయన పాత ఫైళ్ళన్నిటి మీదా గుండ్రటి టీ మచ్చలే. ఆ గదిలో పాత బౌండు పుస్తకాల బంక వాసన, వెనక వంటింట్లోంచి అక్క చరిచే జొన్నరొట్టెల చప్పుడు, పదకొండింటికల్లా పచ్చిపులుసులో ఉల్లిగడ్డల వాసన. ఆకలికి నాకు షరతుల మీద మనసు నిలిచేది కాదు. అక్క తలుపు దగ్గర నిలబడి, "ముందుగాల తినుండ్రి, సర్కారు యాడికి పోదు," అని అరిచేది. నిజమే, సర్కారు ఎక్కడికీ పోలేదు. పోయినవాళ్ళు వేరే.

వచ్చే కాంట్రాక్టర్లలో చాలామంది మీద నాకు జాలి కలిగేది కాదు. ఈసారి వీడికి రాకపోతే వాడికి వస్తుంది, వచ్చేసారి వాడి పేరు మీద వీడే వేస్తాడు. కానీ ఒక వేసవిలో రామన్నపేట అవతల ఊరి నుంచి బీరయ్య వచ్చాడు. కురుమవాళ్ళ గొంగళ్ళ సంఘానికి అధ్యక్షుడు. పదకొండు మగ్గాలున్న సంఘం, సగం మగ్గాల మీద అప్పటికే బట్టలు ఆరేస్తున్నారు. గోదాముల్లో, హాస్టళ్ళలో కాపలా కాసేవాళ్ళకు ఉన్ని కంబళ్ళు కావాలని జిల్లా కార్యాలయం టెండరు పిలిచింది. "గీ ఒక్క పని దొరికితే మా మగ్గాలు ఇంకో ఐదారేండ్లు నడుస్తయ్ మేడం. లేకుంటే మా అవ్వతోనే గీ పని ఖతం," అన్నాడు బీరయ్య. కాగితాలు నింపడానికి సార్ నన్నే వాళ్ళ ఊరికి పంపాడు. నా చేతికి వచ్చిన మొదటి పని అది. ఎంత మురిసిపోయానో!

బీరయ్య తల్లి కొమురమ్మ. వాకిట్లో చింతగింజల గంజి ఉడుకుతోంది, పడుగుకు పట్టించడానికి. ఆ గంజి వాసన, గొర్రె ఉన్ని వాసన కలిసి వస్తుంటే మొదట ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను, అరగంటకు అలవాటైపోయింది. కొమురమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "వకీలంటే మొగాయన వస్తడనుకున్న. మంచిగయ్యింది, కూసో బిడ్డా," అని మంచం వాల్చింది. నేను షరతులన్నీ తెలుగులో చదివి చెప్పాను. కంబళి నమూనా ఒకటి ఇవ్వాలి. దాన్ని తెల్లగుడ్డలో కుట్టి, సంఘం పేరు గుడ్డ మీదే రాయాలి. ఆఫీసులో గుడ్డ విప్పేసి కంబళికి ఒక నంబరు వేస్తారు, అది ఎవరిదో పరిశీలించే కమిటీకి తెలియకూడదు. అందుకని కంబళి మీద ఎటువంటి గుర్తూ ఉండరాదు. ఆ వాక్యం దగ్గర ఆమె ఆపింది.

"గుర్తంటే ఏంది బిడ్డా?"

"ఏదైనా గుర్తే అవ్వా. పేరు, సిరా చుక్క, రంగు దారం... చూడంగనే ఇది ఫలానోళ్ళదని తెలిసేది ఏదీ ఉండొద్దు."

"ఏదీ ఉండొద్దా?"

"ఏదీ ఉండొద్దు."

ఆమె మళ్ళీ గంజి కలపసాగింది. నేను తర్వాతి షరతుకు వెళ్ళిపోయాను. మూడు రోజుల తర్వాత మూట సిద్ధమైంది. తెల్లగుడ్డ చుట్టూ ఆమె నల్ల ఉన్నిదారంతో రెండు పోగులు పేని కుట్టింది, నాలుగు వేళ్ళ ఎడంకో ముడి చొప్పున. అట్లాంటి కుట్టు నేనెక్కడా చూడలేదు. మూట, కాగితాలు నేనూ బీరయ్యా కలిసి కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకుని, బస్టాండులో చెరకురసం తాగాం.

ఆ మర్నాడే నా కొంప మునిగింది. నార్కట్‌పల్లిలో బస్సెక్కాను. ముందు సీట్లో ఒక గొర్లకాపరి గొంగడి మడిచి భుజాన వేసుకుని కూర్చున్నాడు. కొత్త గొంగడి. దాని మూలలకు పసుపు.  కురుమల ఇళ్ళల్లో మగ్గం మీంచి దించిన గొంగడికి నాలుగు మూలలా పసుపు పెట్టి, కులదైవం బీరప్పకు మొక్కి గానీ బయటికి పోనివ్వరు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మరి ఆ పసుపు గుర్తు కాదా? చూడగానే ఇది కురుమలు నేసిందని తెలిసిపోదా? సార్ ఆ రోజు హైదరాబాదు హైకోర్టులో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. బీరయ్యకు చేస్తే, "పసుపు పెట్టకుంట ఎట్ల ఇస్తరు మేడం, మా అవ్వ పెట్టే ఉంటది," అన్నాడు. అంతే. నా పాత ఆఫీసు బుద్ధి లేచి కూర్చుంది. కాగితం మీద పెట్టు! గబగబా ఒక ఉత్తరం టైపు చేశాను. మా సంఘం సమర్పించిన నమూనాకు ఆచారం ప్రకారం నాలుగు మూలల పసుపు పెట్టబడి ఉన్నది, దానిని గుర్తుగా భావించవద్దని మనవి. కార్యాలయంలో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకుని, ఎంత జాగ్రత్తపరురాలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. కొమురమ్మను అడగాలని మాత్రం నాకు తోచలేదు. అడగడానికి ఒక్క ఫోను చాలు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సార్ తిరిగొచ్చి ఆ కాపీ చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎవరు రాయమన్నరమ్మా నిన్ను?" అన్నాడు, అంతే. సాసర్‌లో టీ అట్లాగే చల్లారిపోయింది.

పది రోజులకు తిరస్కరణ ఉత్తర్వు వచ్చింది. 'నమూనాను పరిశీలించగా నాలుగు మూలల పసుపు గుర్తులు ఉన్నట్లు గమనించనైనది. షరతు ఉల్లంఘన అయినందున సాంకేతిక దశలోనే తిరస్కరించనైనది.' ఆ షరతును నా చేతులతో నేనే ఎన్ని నోటీసుల్లో టైపు చేసి ఉంటానో! బీరయ్య, కొమురమ్మ ఇద్దరూ సార్ ఇంటికి వచ్చారు. నేను ఉత్తర్వు చదివి వినిపించాను. కొమురమ్మ నా ముఖంలోకే చూస్తూ విన్నది.

"నేను పెట్టలే బిడ్డా," అంది. "గుర్తు ఉండొద్దని నువ్వే అంటివి గద?"

"భయపడకు అవ్వా, పసుపు పెట్టుడు తప్పు కాదు. కోర్టుల మేం అదే చెప్తం."

"తప్పని కాదు. పెట్టలేదంటున్న."

బీరయ్య కసురుకున్నాడు. "నువ్వు ఊకో అవ్వా! చూసినమని కాగితంల రాసిండ్రు గద!"

ఆమె సార్ వైపు తిరిగింది. సార్ నెత్తి గోక్కున్నాడు. "మన లెటర్ల మనమే ఒప్పుకున్నం పెద్దమ్మా. గిప్పుడు కాదంటే జడ్జి నవ్వుతడు. ఆచారం మీదనే కొట్లాడదాం," అన్నాడు.  అక్క లోపల్నుంచి రొట్టె, పచ్చిపులుసు తెచ్చిపెడితే, కొమురమ్మ తల అడ్డంగా ఊపి, కొంగు సర్దుకుని బయట అరుగు మీద కూర్చుంది. భయపడి అబద్ధమాడుతోందని నేను అనుకున్నాను. నేనే అనుకున్నాను, ఇంకెవరి మీదో తోసేది ఏముంది!

హైకోర్టులో రిట్ వేశాం. సార్ వాదన వినాలి మీరు! పసుపు ఈ గడ్డ మీద ప్రతి కొత్త వస్తువుకూ పెట్టేదే, అది ఒకరి గుర్తెట్లా అవుతుంది, చిన్న లోపానికి ఇంత పెద్ద శిక్షా అని అరగంట మాట్లాడాడు. ప్రభుత్వ వకీలు లేచి నా ఉత్తరం ఎత్తి చూపించాడు. "వాళ్ళే ఒప్పుకున్నారు మైలార్డ్." ఆ తర్వాత వాయిదాలు. వివరాలు తెప్పించుకోవడానికి ఆయనకు సమయం కావాలి. సెలవులు వచ్చాయి. బెంచి మారింది. మా కేసు నలభై ఎనిమిదో నంబరైతే ముప్ఫై రెండు దగ్గర సాయంత్రమయ్యేది. ప్రతిసారీ పొద్దున్నే బస్సు, ప్రతిసారీ బీరయ్య ఒక అంగీ ఇస్త్రీ చేయించుకుని రావడం, ప్రతిసారీ ఏమీ జరగకుండానే తిరిగి పోవడం. స్టే ఇవ్వలేదు కాబట్టి అవతల పని నడుస్తూనే ఉంది. ఎక్కడో ఉత్తరాది మిల్లు కంబళ్ళు లారీలో దిగాయి. చివరికి తీర్పు వచ్చింది, ఆరు వరుసలు. సరఫరా పూర్తయినందున ఈ పిటిషన్‌లో విచారించడానికి ఏమీ మిగల్లేదు, కొట్టివేయడమైనది. గెలిచామా ఓడామా అని బీరయ్య అడిగాడు. మా వృత్తిలో ఎక్కువ కేసులు ఇట్లాగే పోతాయి. తప్పో ఒప్పో ఎవరూ చెప్పరు, టైము అయిపోయిందని చెప్తారు. కడుపు మండి నేను ఆ రోజు కోర్టు క్యాంటీన్లో ఏడ్చాను. సార్ పక్కన కూర్చుని సాసర్‌లో టీ పోసి నా ముందుకు జరిపాడు.

ఆ తర్వాత సంఘం మగ్గాల గుంటలను ఒక్కొక్కటే పూడ్చేశారు. ఊళ్ళో మాట ఒకటే నిలిచిపోయింది: ముసల్ది పసుపు పూసి పని పోగొట్టింది. బీరయ్య కొన్నాళ్ళకు హైవే మీద హోటల్లో వాచ్‌మన్‌గా చేరాడు. సర్కారు కంబళి కప్పుకునే కాపలావాడు కూడా కాలేకపోయాడు పాపం, ప్రైవేటు వాచ్‌మన్. నేను మాత్రం పేరు తెచ్చుకున్నాను. టెండరు కేసుల్లో సుగుణమ్మ దిట్ట అంటారు ఇప్పుడు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్‌లోనే. కాగితాలు స్కాన్ చేసి ఎక్కిస్తాం. గడువు చివరి గంటలో టెండర్ల పోర్టల్ తెరుచుకోదు, తెరుచుకోలేదని నిరూపించడానికి మళ్ళీ హైకోర్టు. షరతులు మాత్రం నేను టైపు చేసినవే, నా తప్పులతో సహా. ఒక చోట కామా తప్పు పడింది, ఇప్పటికీ అట్లాగే వస్తోంది. చూసినప్పుడల్లా పళ్ళు కొరుక్కుంటాను.

ఉత్తరం అందిన మర్నాడే ఆ పాత భవనానికి వెళ్ళాను. స్టోరు గది తలుపు తీసిన కుర్ర గుమాస్తా, "కూసోండ్రి మేడం," అని ఒక ఇనుప కుర్చీ తుడిచాడు. జాబితాలో మొదటి నంబరు అదే. మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తెల్లగుడ్డ మట్టిరంగు తిరిగింది, ఒక మూల ఎలుక కొరికింది. పైన ఒక చీటీ పిన్నుతో గుచ్చి ఉంది. 'పరిశీలించబడినది' అని రాసి కింద మూడు సంతకాలు. నేను చీటీ చదివి, దాని పక్కన కుట్టు చూశాను. నల్ల ఉన్నిదారం, రెండు పోగులు, నాలుగు వేళ్ళకో ముడి. చుట్టూ తిప్పి చూశాను. ఒక్క ముడి కూడా తెగలేదు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఈ మూటను ఇన్నేళ్ళల్లో ఎవడూ విప్పలేదు! మరి పసుపు ఎక్కడ చూశారు? నా ఉత్తరంలో చూశారు. 'నాలుగు మూలల పసుపు.' ఆ మాటలు కూడా నావే.

"విప్పకుంట ఎట్ల పరిశీలించిండ్రయ్యా?" అని అరిచాను. పాపం ఆ పిల్లవాడు బెదిరిపోయాడు. "అప్పుడు నేను లేను మేడం, ఈడ సంతకం పెట్టుండ్రి," అన్నాడు. ఇంకెవర్ని తిట్టను? సంతకం పెట్టిన ముగ్గురూ రిటైరయ్యారు. మేమైనా, ఇన్ని వాయిదాల్లో ఒక్కసారి, ఆ మూట తెప్పించి చూడండి అని అడిగామా? అంత పెద్ద వకీలు మా సార్ అడగలేదు, నేనూ అడగలేదు. చూడకుండా రాసింది వాళ్ళు, చూడకుండా ఒప్పుకున్నది నేను.

రామన్నపేట బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సంచిలో కత్తెర ఉంది. రెండుసార్లు తీసి మళ్ళీ లోపల పెట్టాను. లోపల పసుపు ఉంటే నేను రాసింది నిజమేనని కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అట్లా ఉంటే బాగుండునని ఒక క్షణం కోరుకున్నాను కూడా. ఎంత నీచం, ఆ మనిషి అబద్ధమాడి ఉంటే బాగుండునని కోరుకోవడం! విప్పే హక్కు నాకు లేదనిపించి, కత్తెర సంచి అడుగుకు తోసేశాను.

కొమురమ్మ వంగిపోయింది గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది, మూటను గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. వేళ్ళతో కుట్టు తడిమింది. "గిది నా కుట్టే," అంది. "ఎవ్వలు ఇప్పలే." ఇప్పలేదవ్వా, అన్నాను. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న బీరయ్యను కోడలు లేపుకొచ్చింది. పక్కింటివాళ్ళు నలుగురు చేరారు. కత్తెర ఇస్తే ఆమె వద్దని, ఒక్కొక్క ముడీ గోటితో ఊడదీసింది. ఎంతసేపు పట్టిందో!  గుడ్డ విప్పగానే చింతగింజల గంజి వాసన, గొర్రె ఉన్ని వాసన గుప్పుమన్నాయి. నల్లటి కంబళి, నిన్న మగ్గం మీంచి దించినట్టుంది.

ఆమె దాన్ని వాకిట్లో పరిపించింది. "సూడుర బీరిగా. నాలుగు మూలలు సూడు," అంది. బీరయ్య ఒక మూల దగ్గర కూర్చుని చూశాడు. లేచి రెండో మూలకు నడిచాడు. మూడోదాన్ని ఎత్తి ఎండకు పట్టి చూశాడు. నాలుగోది చూడలేదు, దాన్ని పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. ఎక్కడా పసుపు లేదు. పసుపు చుక్కే కాదు, ఏ చుక్కా లేదు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "నేనే అవ్వా. ఆ కాగితం నేనే రాసిన. నిన్ను అడగకుంట రాసిన," అన్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. ఉన్ని మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. పసుపు పెట్టకుండా ఆ ఇంటి గడప దాటిన గొంగడి అదొక్కటే. బీరప్ప ముందు ఏమని మొక్కుకుని పంపిందో నాకు తెలియదు.

"వకీలమ్మా," అంది చివరికి, "గిప్పుడు పెట్టొచ్చా?"

వకాలత్ మొదలుపెట్టినప్పటి నుంచి ఎంతోమంది ఎన్నో సలహాలు అడిగారు నన్ను. ఇంత తేలికైనది ఎవరూ అడగలేదు. బీరయ్య లేచి లోపలికెళ్ళి పసుపు డబ్బా తెచ్చాడు.